డైనమో తిరిగితేనే దీపం

పిల్లలూ,

ఆసుపత్రికి డబ్బు పోగుచెయ్యడానికి వాళ్ళక్క తొక్కబోయే సైకిల్ యాత్రకి చందా కాగితం పట్టుకుని తిరుగుతున్న ఓ గడుగ్గాయి నన్ను నిలదీశాడు. "తాతయ్యా, అక్క వంద కిలోమీటర్లు తొక్కితే ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ జబ్బు ఎలా తగ్గుతుంది? డబ్బులు ఊరికే ఇచ్చేయొచ్చుగా?"

పెద్దవాళ్ళు అడగని ప్రశ్న ఇది. చెప్తాను, కాస్త డొంకతిరుగుడుగా.

పాత సైకిళ్ళకి డైనమో అని సీసా ఆకారంలో ఒకటుండేది. నొక్కితే వాలి, దాని తలమీది చిన్న చక్రం టైరుని ఒరుసుకుంటూ తిరిగేది. లోపల అయస్కాంతం, పక్కన తీగచుట్ట. అయస్కాంతం తిరిగితే తీగలో కరెంటు పుట్టి ముందు లైటు వెలిగేది. అది వాల్చగానే గుర్రుమని చప్పుడొచ్చి, తొక్కడం బరువయ్యేది. సీటు అందని రోజుల్లో నేను కడ్డీ కిందనుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేవాణ్ణి. ఎప్పుడు చీకటి పడుతుందా, ఎప్పుడు డైనమో వేద్దామా అని చూసేవాణ్ణి. ఎత్తు ఎక్కుతుంటే లైటు మిణుకుమిణుకు మనేది. పల్లంలో దిగుతుంటే కళ్ళు జిగేలుమనేవి, ఒక్కోసారి బల్బే మాడిపోయేది.

అక్క కాళ్ళు ఆ సైకిల్ చక్రం. మనబోటివాళ్ళ మంచి మనసు అయస్కాంతం. కదపనంతసేపూ అది ఒట్టి ఇనుప ముక్కే. "ఈ అమ్మాయి నిజంగా వంద కిలోమీటర్లు తొక్కుతుందా?" అనుకున్నప్పుడే మనలో ఏదో తిరుగుతుంది, చెయ్యి జేబులోకి వెళ్తుంది. కొందరు కిలోమీటరుకి ఇంత అని రాస్తారు, కొందరు మొత్తంగా ఒకేసారి ఇచ్చేస్తారు. ఆ కరెంటుని లైటు దాకా మోసే తీగ, యాత్ర నడిపే సంస్థ. తీగలో కొంత కరెంటు వేడిగా పోయినట్టే, దారిలో నీళ్ళు, మెకానిక్కులు, అంబులెన్సు అంటూ కొంత ఖర్చవుతుంది. అందుకే ఆసుపత్రికి ఎంత చేరుతుందో అడిగి మరీ ఇవ్వండి. అడగడం తప్పు కాదు.

అమెరికాలో పాన్-మాస్ ఛాలెంజ్ అని ఒక యాత్ర ఉంది. క్యాన్సర్‌తో తల్లిని పోగొట్టుకున్న బిల్లీ స్టార్ 1980లో మొదలుపెట్టాడు. ఆ ఏడు తొక్కింది 36 మంది, వచ్చింది 10,200 డాలర్లు. బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకి అది ఇప్పటిదాకా ఇచ్చింది 100 కోట్ల డాలర్లు దాటింది. తొక్కేవాళ్ళు పోగుచేసిన ప్రతి పైసా ఆసుపత్రికే పోతుంది. ఖర్చులకి వేరే దాతలున్నారు. తీగలో నష్టమే లేదన్నమాట! (ఇక్కడికి నా డైనమో లెక్క తప్పింది. పోనీండి.)

నన్నడిగితే తొక్కడం కాదు, అడగడం కష్టం. కాళ్ళ నొప్పి రెండ్రోజుల్లో పోతుంది. "చూద్దాంలే" అని మొహం తిప్పుకున్నవాళ్ళ గడపకి మళ్ళీ వెళ్ళాలంటేనే టెన్షన్. పేపర్లో ఫోటో పడేది సైకిల్‌కే గానీ, మందులూ పరిశోధనా నడిచేది ఇలా అడిగినవాళ్ళ వల్ల. కాబట్టి తమ్ముడూ, నువ్వు చేస్తున్నది అక్క పనికి తోక కాదు, సగం పని.

మరి ఊరికే ఇచ్చేయొచ్చుగా అంటే, ఇవ్వొచ్చు. ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. మిగతా మనం ఎందుకిలా ఒకరు చెమటోడ్చితే తప్ప కదలమో నాకూ వింతే. ఇంగ్లండులో లండన్ నుంచి సముద్రతీరాన ఉన్న బ్రైటన్ దాకా, గుండెజబ్బుల పరిశోధన కోసం బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ జరిపే యాత్రలో, చివర్లో డిచ్లింగ్ బీకన్ అనే నిటారు గుట్ట వస్తుంది. చాలామంది అక్కడ దిగి సైకిల్ నెట్టుకుంటూ నడుస్తారు. అయినా చందా ఇచ్చినవాళ్ళెవరూ డబ్బు వెనక్కి అడగరు!

ఇలాంటి యాత్ర మీ దగ్గర్లో జరిగితే ముందు వెళ్ళేవాళ్ళని వదిలేసి, వెనకబడి వచ్చేవాళ్ళ దగ్గర నిలబడండి. కొందరి చొక్కా వీపు మీద ఒక పేరు రాసి ఉంటుంది. నీళ్ళ సీసా అందించి, అదెవరి పేరో అడగండి.

ఆశీస్సులతో,
తాతయ్య