కెర్నెల్‌లో మెమరీ లీకులు ఎర్రర్ దారిలోనే ఎందుకు?

మామూలు ప్రోగ్రామ్ తీసుకున్న మెమరీని వదలకపోయినా, అది ముగియగానే ఆపరేటింగ్ సిస్టమ్ వెనక్కి తీసేసుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు ఆ వెసులుబాటు లేదు. అక్కడ లీకైన, అంటే తీసుకుని వదలకుండా మరిచిపోయిన మెమరీ సాధారణంగా రీబూట్ చేస్తే గానీ దక్కదు. నెలల తరబడి ఆగకుండా నడిచే సర్వర్లకు ఇది చిన్న విషయం కాదు.

1991లో మొదలైన లినక్స్ కెర్నెల్‌ను సీ భాషలో రాశారు. సీలో తీసుకున్నదాన్ని ప్రోగ్రామరే గుర్తుపెట్టుకుని వదలాలి. అందుకే కెర్నెల్‌లో ఏదైనా విఫలమైనప్పుడు నడిచే ఎర్రర్ దారికి గోటూ (కోడ్‌లో మరో చోటికి దూకే ఆదేశం) పద్ధతి స్థిరపడింది. ఒక డ్రైవర్ (పరికరాన్ని నడిపే కోడ్) ముందు బఫర్ (డేటా ఉంచే మెమరీ) తీసుకుని, తర్వాత ఇంటరప్ట్ (పరికరం పంపే సంకేతం) నమోదు చేసింది, మూడో పని విఫలమైంది అనుకుందాం. అప్పుడది ఫంక్షన్ చివర్లోని లేబుల్‌కి (పేరు పెట్టిన చోటికి) దూకి ముందు ఇంటరప్ట్‌ను, ఆ తర్వాత బఫర్‌ను వదిలేస్తుంది. పద్ధతి మంచిదే. కానీ కొన్నేళ్లకు ఇంకెవరో మధ్యలో కొత్త తనిఖీ చేర్చి, లేబుల్‌కి దూకకుండా నేరుగా రిటర్న్ రాస్తే బఫర్ అలాగే ఉండిపోతుంది. కంపైలర్ ఏమీ అనదు. ఆ తనిఖీ విఫలమయ్యేది ఎప్పుడో ఒకసారి కాబట్టి టెస్టింగ్‌లోనూ దొరకదు.

ఒక వస్తువును ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టే రిఫరెన్స్ కౌంట్లు వచ్చాక చిక్కు ఇంకా పెరిగింది. పరికరాన్ని కెర్నెల్‌లో నమోదు చేసే డివైస్ రిజిస్టర్ ఫంక్షన్ విఫలమైతే ఆ పరికరం వివరాలున్న స్ట్రక్చర్‌ను, మెమరీని నేరుగా వదిలే కెఫ్రీతో వదిలేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేస్తే పరికరం పేరు కోసం విడిగా తీసుకున్న మెమరీ లీకవుతుంది. అక్కడ పిలవాల్సింది ఆ లెక్కను ఒకటి తగ్గించే పుట్ డివైస్‌ను. అది పిలిచాక మళ్లీ కెఫ్రీ కూడా చేస్తే అదే మెమరీని రెండుసార్లు వదిలినట్టు, అది భద్రతా లోపం. ఒక్క లైను ప్యాచే (కోడ్ సవరణే) కదా అని రివ్యూలో తేలిగ్గా వదిలేయకూడదని నేను గట్టిగా అనేది ఇందుకే.

2007లో రెండు మార్పులు వచ్చాయి. 2.6.20 వెర్షన్‌లో వచ్చిన ఫాల్ట్ ఇంజెక్షన్, కావాలనే మెమరీ కేటాయింపును విఫలం చేసి ఎర్రర్ దారిని నడిపించి చూపింది. 2.6.21లో వచ్చిన డెవ్‌రెస్, డ్రైవర్ తీసుకున్నవాటిని తనే వరసగా వదిలే పని నెత్తిన వేసుకుంది. 2009లో 2.6.31తో కెమెమ్‌లీక్ వచ్చింది. ఏ పాయింటరూ (మెమరీ చిరునామా ఉంచుకునే వేరియబుల్) చూపించని మెమరీని అది వెతికి పట్టుకుంటుంది. తర్వాత కోడ్‌లో తప్పుల నమూనాలు వెతికే కాక్సినెల్, కెర్నెల్‌కు యాదృచ్ఛిక ఇన్‌పుట్లు ఇచ్చి పరీక్షించే సిజ్‌కాలర్ లాంటి టూల్స్ పాత లోపాలను కుప్పలుగా బయటపెట్టాయి.

డెవ్‌రెస్‌ను పక్కన పెడితే ఇవన్నీ ఎక్కువగా కోడ్‌లో చేరిపోయిన లీకులను తర్వాత పట్టుకునేవే. 2023లో 6.5 వెర్షన్ కంపైలర్‌లోని క్లీనప్ సదుపాయాన్ని కెర్నెల్‌కు తెచ్చింది: వేరియబుల్ దాని స్కోప్ (అది చెల్లే కోడ్ భాగం) దాటగానే మెమరీ దానంతటదే విడుదలవుతుంది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అయితే గోటూను, క్లీనప్‌ను ఒకే ఫంక్షన్‌లో కలపొద్దని కెర్నెల్ డాక్యుమెంటేషనే చెబుతోంది. అంటే పాత డ్రైవర్‌లో ఒక లీకు సరిచేయాలనుకున్నా, మెట్టు మెట్టుగా వదిలే ఆ గోటూ లేబుళ్ల వరసనే సరిదిద్దాలి, లేదా ఆ ఫంక్షన్ మొత్తాన్ని తిరగరాయాలి.