“ఇది సమయం కాదు” అన్న మాటకు జవాబు: బర్మింగ్‌హామ్ జైలు లేఖ

అమెరికా నల్లజాతి హక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ రాసిన బర్మింగ్‌హామ్ జైలు లేఖలోని భాషను విశ్లేషించమంటే చాలామంది విద్యార్థులు ఉపమానాలు, పునరుక్తులు ఏరి వరసగా రాసేస్తారు. అవి అక్కడికి ఎందుకొచ్చాయో తెలియాలంటే, లేఖ కంటే ముందు అది ఏ ప్రకటనకు జవాబో చదవాలి.

అలబామా రాష్ట్రంలోని ఆ నగరంలో నల్లవాళ్లను వేరుచేసే జాతివివక్ష బోర్డులు తీసేస్తామని 1962 సెప్టెంబరులో వ్యాపారులు మాటిచ్చారు. కొందరు తీసి, కొన్నాళ్లకే మళ్లీ పెట్టారు. మిగతావి కదలనే లేదు. ఉద్యమకారులు మేయర్ ఎన్నిక కోసం ఒకసారి, తుది పోటీ కోసం మరోసారి ఆగారు. నగర పోలీసులను నడిపే కరుడుగట్టిన వివక్షవాది బుల్ కానర్ 1963 ఏప్రిల్ 2న ఆ పోటీలో ఓడిపోయాక, 3న నిరసనలు మొదలయ్యాయి. 10న కోర్టు వాటిని నిషేధించింది. ఆ ఉత్తర్వును కాదని నడిచి 12న, గుడ్‌ఫ్రైడే నాడు, కింగ్ అరెస్టయ్యారు. ఆ తేదీతోనే ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలు ప్రకటన ఇచ్చారు: ఈ ప్రదర్శనలు అవివేకం, ఇది సమయం కాదు.

వీళ్లు కరుడుగట్టిన వివక్షవాదులు కారు. వివక్షకు వ్యతిరేకంగా వచ్చే కోర్టు తీర్పులను శాంతియుతంగా పాటించాలని ఆ జనవరిలోనే చెప్పినవాళ్లు. అందుకే లేఖ ‘సాటి మతాచార్యులారా’ అని మర్యాదగా మొదలవుతుంది. సాక్షుల్ని కూడా కింగ్ వాళ్ల పుస్తకాల అరలోంచే పిలిచారు: క్రైస్తవ గురువులు పౌలు, అగస్టీన్, అక్వినాస్. ఎనిమిది మందిలో ఒకరు యూదు రబ్బీ. అందుకు తగ్గట్టే ఆ సాక్షుల్లో యూదు తాత్వికుడు మార్టిన్ బూబర్ కూడా ఉన్నారు.

ఇక లేఖకు గుండెకాయ లాంటిది 300కు పైగా మాటలున్న ఒకే వాక్యం. మూకలు మీ తల్లిదండ్రుల్ని చంపడం చూసినప్పుడు, వినోద పార్కుకు ఎందుకు వెళ్లకూడదో మీ ఆరేళ్ల కూతురికి చెప్పలేక నాలుక మడతపడినప్పుడు... ఇలా ‘అప్పుడు’ మీద ‘అప్పుడు’ పేరుకుంటుంది. ఆగమన్నవాళ్లనే ఆ వాక్యం చివరిదాకా ఆగేలా చేస్తుంది. సర్వనామాలు గమనించండి: ప్రతి దెబ్బా ‘మీకే’ తగులుతుంది. ఆఖరున మాత్రం, ‘మేము’ ఎందుకు ఆగలేకపోతున్నామో ‘మీకు’ అర్థమవుతుంది అంటారు.

క్రియ చివర నిలిచే తెలుగులోకి అనువదించినా ఈ బిగువును పట్టుకోవచ్చు. చదవడానికి సులువని ఆ వాక్యాన్ని ఏడెనిమిది ముక్కలు చేస్తే మాత్రం మిగిలేది ఫిర్యాదుల చిట్టా.

మే 10న వ్యాపారులతో ఒప్పందం కుదిరింది. నగరంలో పాత, కొత్త పాలకవర్గాల్లో ఏది చెల్లుతుందో కోర్టు తేల్చాక 30 రోజుల్లో మరుగుదొడ్లు, మంచినీటి కుళాయిల దగ్గరి బోర్డులు తీసేయాలని అందులో రాసుకున్నారు.