ఎండకి అడ్డంగా, 15 లక్షల కిలోమీటర్ల దూరంలో

మే నెల మధ్యాహ్నం జగదాంబ సిగ్నల్ పడితే బండ్లు గీత దాకా రావు. పది గజాల వెనకే, ఏదో బోర్డు నీడ పడిన చోట ఒకదాన్నొకటి ఆనుకుని ఆగుతాయి. వేడెక్కిపోతున్న భూమి మొత్తానికి ఆ బోర్డు పని చేసిపెట్టాలన్న ఆలోచన 1989 నాటిది.

ఆ ఏడాది జేమ్స్ ఎర్లీ అనే శాస్త్రవేత్త చంద్రుడి మట్టితో 2,000 కిలోమీటర్ల వెడల్పున పలుచటి గాజు తెర చేయొచ్చన్నాడు. పెట్టాల్సిన చోటు ఎల్1. భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్లు. అక్కడున్న వస్తువు భూమితో పాటే సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న బయల్దేరిన మన ఆదిత్య-ఎల్1 చేరింది ఆ చోటికే. తెర ఆపాల్సింది ఎండలో సుమారు 2 శాతం, చీకటేం పడదు.

చిక్కంతా దాన్ని నిలబెట్టడంలో ఉంది. ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె గొడుగు కర్రని ఇసుకలో పాతి, దాని మొదలుకి రాళ్ల సంచి కడుతుంది. లేకపోతే సముద్రపు గాలికి లేచిపోతుంది. ఎల్1 దగ్గర గాలి లేదు గానీ వెలుతురే నెడుతుంది. తెర తేలికైతే భూమి వైపు కొట్టుకొస్తుంది, బరువైతే పైకి మోయలేం. తర్వాతి ప్రతిపాదనలు కూడా ఈ ముడి దగ్గరే తచ్చాడాయి.

2006లో రోజర్ ఏంజెల్ ఒకే తెర మానేసి, ఒక్కోటి గ్రాము బరువుండే లక్షల కోట్ల చిన్న పలకలు పంపుదామన్నాడు. మొత్తం 2 కోట్ల టన్నులు! 2023లో హవాయి యూనివర్సిటీకి చెందిన ఇష్ట్వాన్ సాపుడిది అచ్చంగా రాళ్ల సంచి ఉపాయం: తెరకి తాడు కట్టి, సూర్యుడి వైపు ఒక గ్రహశకలాన్ని వేలాడదీయడం. అసలు బరువంతా ఆ రాయిదే కాబట్టి తెర 35,000 టన్నులుంటే చాలట. చాలట అంటున్నాను గానీ, ఆదిత్య బరువు టన్నున్నర. అలాంటివి 23 వేలు పంపాలి.

సరే, పంపారనుకుందాం. భూమిని వేడెక్కిస్తున్న పొగ అలాగే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ సముద్రంలో కరిగి నీటి ఆమ్లత పెంచుతూనే ఉంటుంది. ఆల్చిప్పలకి, పగడాలకి గట్టి పెంకు కట్టుకోవడం కష్టమవుతుంది. మధ్యలో తెర పాడైతే అన్నాళ్లూ ఆగిన వేడి కొన్నేళ్లలోనే మీద పడుతుంది. పైగా ఎండ తగ్గించి వేడిని సరిచేస్తే భూమ్మీద సగటు వాన కూడా కొంత తగ్గుతుందని కంప్యూటర్ లెక్కలు చెబుతున్నాయి. ఎవరి వాటాలో తగ్గుతుందో, అందుకు ఒప్పుకున్నామని ఎవరు సంతకం పెడతారో ఆ లెక్కల్లో ఉండదు.