ఈసాప్స్: షేరు ఎక్కినప్పుడు తీసుకోవాలా, దిగినప్పుడా?

మార్చి వచ్చిందంటే బెంగళూరు మారతహళ్లిలోని మా ఆఫీసుకు సాఫ్ట్‌వేర్ పిల్లలు వరుస కడతారు. వాళ్ల చేతిలో ఈసాప్స్ ఉంటాయి, అంటే పనిచేసే కంపెనీ షేర్లను ముందే ఖాయం చేసిన ధరకు కొనుక్కునే హక్కులు (ఆప్షన్లు). ఆ హక్కు వాడి షేర్లు కొనడమే ఎక్సర్‌సైజ్. చాలామందిది ఒకటే మాట: "షేరు బాగా పెరిగింది సార్, ఇప్పుడే ఆప్షన్లు ఎక్సర్‌సైజ్ చేసి పెట్టుకుంటా. అమ్మినప్పుడే కదా టాక్స్!"

కాదు. ఎక్సర్‌సైజ్ చేసిన రోజే మొదటి టాక్స్ పడుతుంది. ఆ రోజు షేరు విలువలోంచి మీరు కట్టిన ధర తీసేస్తే మిగిలేది జీతం కింద లెక్క. ఇక్కడి స్టాక్ ఎక్స్‌ఛేంజీలో లిస్టయిన కంపెనీకైతే ఆ రోజు ఓపెనింగ్, క్లోజింగ్ ధరల సగటు తీసుకుంటారు. మీ ధర 100, ఆ రోజు విలువ 900, షేర్లు 1,000 అనుకోండి. 8 లక్షలు జీతంలో కలుస్తాయి. 30 శాతం స్లాబులో సెస్సుతో కలిపి టాక్స్ 2,49,600. షేర్లకు కట్టిన లక్షతో మొత్తం 3,49,600 జేబులోంచి పోయింది. తర్వాత షేరు 300కి పడితే చేతిలో మిగిలేది 3 లక్షలే. కట్టిన టాక్స్ వెనక్కి రాదు. అమ్మి నష్టపోయినా దాన్ని జీతంలో తగ్గించనివ్వరు. క్యాపిటల్ గెయిన్స్ (షేర్లలాంటి ఆస్తులు అమ్మిన లాభం) వస్తేనే, అదీ ఎనిమిదేళ్లలోపు, సర్దుకోవాలి.

మా బాబాయి కొడుకు ఇలాగే ఇరుక్కున్నాడు. ఏప్రిల్ మొదట్లో షేరు బాగా ఎక్కి ఉందని ఎక్సర్‌సైజ్ చేశాడు. వాడు ఫైనాన్స్ టీమ్‌లో ఉన్నాడు, అలాంటివాళ్లకు అప్పుడు ట్రేడింగ్ విండో (సొంత కంపెనీ షేర్లు కొనడానికి, అమ్మడానికి వీలిచ్చే సమయం) మూసి ఉంటుంది. ఎక్సర్‌సైజ్ చేయనిస్తారు, కంపెనీ లాభనష్టాల ఫలితాలు వచ్చాక 48 గంటలు దాటేదాకా అమ్మనివ్వరు. ఈలోగా షేరు జారింది, ఆ నెల జీతం దాదాపు మొత్తం టీడీఎస్‌కే (కంపెనీ జీతంలోంచి ముందే కోసే టాక్స్‌కే) పోయింది. "అన్నయ్యా, ఇంటి ఈఎంఐ ఎలా కట్టను?" అని రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు. ఆ గొంతు నాకింకా గుర్తే.

ధర ఎక్కువున్నప్పుడు చేయడం వెంటనే అమ్మేసేవాళ్లకు సరే. దాచుకునేవాళ్లకు తక్కువున్నప్పుడే మేలు, అదీ కంపెనీ మీద నమ్మకం, టాక్స్‌కి డబ్బు రెండూ ఉంటేనే.

అలాగని "మా స్టార్టప్ విలువ పడిందట" అన్న వార్త చూసి పరుగెత్తకండి. లిస్టవని షేరుకి పుకార్లతో పనిలేదు, మర్చంట్ బ్యాంకర్ (షేరుకి విలువ కట్టే లైసెన్సున్న సంస్థ) కట్టిన విలువే లెక్క. అది 180 రోజుల దాకా పాతదైనా చెల్లుతుంది, కాబట్టి పడిన ధర అందులో ఇంకా కనిపించకపోవచ్చు. హెచ్‌ఆర్‌ని ఆ రిపోర్టు తేదీ అడగండి.

ఉద్యోగం పోతే ఆప్షన్లన్నీ ఆ రోజే పోతాయని కొందరికి టెన్షన్. చాలా కంపెనీల్లో వెస్టయిన (ఎక్సర్‌సైజ్ చేసే హక్కు ఇప్పటికే వచ్చేసిన) వాటికి కొంత గడువు ఇస్తారు. లేఆఫ్ భయంతో నిద్రపట్టనివాళ్లు ముందు ఆప్షన్లు ఇచ్చినప్పటి గ్రాంట్ లెటర్ తీసి ఆ గడువెంతో చూసుకోండి. టాక్స్ ఎంత కోస్తారో హెచ్‌ఆర్‌తో మెయిల్‌లో రాయించుకున్నాకే ఎక్సర్‌సైజ్ బటన్ నొక్కండి.