పగడపు దిబ్బల్లో ఆడది మగదవుతుంది, మన పండుగప్ప మగది ఆడదవుతుంది

గోదావరి జిల్లాల్లో పండుగప్ప అంటే లొట్టలేసేవాళ్ళకు కొదవ లేదు. కానీ ఆ చేప ముందు మగదిగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడదిగా మారుతుందని ఎంతమందికి తెలుసు? దీనికి సరిగ్గా ఎదురు పద్ధతిలో బతికే బుల్లి చేప ఒకటుంది. పేరు క్లీనర్ రాస్. మన గోదావరి తీరంలో దొరకదు. అది పగడపు దిబ్బల్లో బతికేది. పగడాలకు తేటనీరు కావాలి, గోదావరేమో వరదొస్తే ఒండ్రుమట్టితో సముద్రాన్ని ఎర్రగా చేసేస్తుంది. లక్షద్వీప్, అండమాన్ దిబ్బల్లో మాత్రం ఈ చేప కనిపిస్తుంది.

ఎంత పెరిగినా 14 సెంటీమీటర్లు దాటదు. నీలి ఒంటి మీద మూతి దగ్గర సన్నగా మొదలైన నల్లచార తోక దగ్గరికొచ్చేసరికి వెడల్పవుతుంది. పెద్ద పెద్ద గ్రూపర్ చేపలు దీని దగ్గరికొచ్చి నోరు తెరిచి, మొప్పలు ఎత్తి కదలకుండా నిలబడతాయి. ఇది ఆ నోట్లోకే దూరి పరాన్నజీవులను ఏరుకు తింటుంది. ఆస్ట్రేలియాలోని లిజర్డ్ ఐలాండ్‌లో లెక్కేస్తే, ఒక్కో చేప రోజుకు సగటున 1,200 దాకా తింటున్నట్టు తేలింది. అప్పుడప్పుడు కక్కుర్తిపడి గ్రూపర్ ఒంటి జిగురును కూడా కొరుకుతుంది. అది ఉలిక్కిపడి తరుముతుంది.

నన్ను మరీ ఆశ్చర్యపరిచేది దీని సంసారం. ఒక మగచేప, దాని కింద కొన్ని ఆడచేపలు. ఆ మగది చనిపోతే గంటల్లోనే ఆడవాటిలో పెద్దది పెత్తనం అందుకుని మగదానిలా ప్రవర్తిస్తుంది. 14 నుంచి 18 రోజుల్లో దానిలో వీర్యం తయారవుతుంది. రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త 1972లో ఈ సంగతి ప్రకటించాడు.

ఎందుకిలా? 1969లో గిసెలిన్ అనే జీవశాస్త్రవేత్త చెప్పిన వివరణ నాకు బాగా నచ్చుతుంది. ఒళ్ళు పెరిగినకొద్దీ ఏ లింగానికి సంతానం ఎక్కువ దక్కితే, చేప అటు మారడమే లాభం. రాస్‌లలో పెద్ద మగది మిగతా మగవాటిని దగ్గరికి రానివ్వదు, ఆడవాటన్నిటి గుడ్లూ దానికే. పండుగప్పలకు అలాంటి గుంపు కాపలా లేదు. చిన్న మగది కూడా సరిపడా వీర్యం ఇవ్వగలదు, గుడ్లు మాత్రం పెద్ద కడుపులోనే ఎక్కువ పడతాయి.

అందుకే చెరువులో కిలో, రెండు కిలోలకే పట్టేసే పండుగప్పకు ఆడదయ్యే వయసే రాదు. హేచరీకి తల్లిచేప కావాలంటే ఏళ్ళ తరబడి మేపాలి. నదీ ముఖద్వారాల్లో వలకు పడే బాగా పెద్ద పండుగప్పల్లో ఎక్కువ తల్లులే. రాస్‌ల గుంపులో పెద్దది పోతే రెండు మూడు వారాల్లో ఆ లోటు తీరుతుంది. పండుగప్ప తల్లి పోతే ఇంకొకటి తయారవడానికి ఏళ్ళు పడుతుంది.