కాశీ యాత్రలో మోసాలు: అపోహలు – వాస్తవాలు

కాశీలో జేబు కొట్టేవాడి వల్ల పోయే డబ్బు తక్కువ. ధర చెప్పకుండా పని మొదలుపెట్టేవాడి దగ్గరే ఎక్కువ పోతుంది. నావ నడిగంగకు చేరాక, పిండాలు పెట్టడం సగంలో ఉండగా, మణికర్ణికలో చితి ఎదుట నిలబడినప్పుడు డబ్బు మాట ఎత్తుతారు. అప్పుడు బేరమాడటానికి ఎవరికీ నోరు రాదని వాళ్లకు తెలుసు.

అపోహ: సత్రం పేరుతో వెతికితే మొదట కనిపించిన ఫోన్ నంబరు సత్రానిదే.

వాస్తవం: తెలుగు సత్రాల పేర్లతో, అవే ఫొటోలు పెట్టి నకిలీ పేజీలు తయారుచేస్తున్నారు. మ్యాపుల్లో కనిపించే నంబరును కూడా మార్చేయగలరు. గది ఖాళీగా ఉందని చెప్పి, అడ్వాన్సు వెంటనే పంపమని తొందర పెట్టి, వ్యక్తి పేరున్న యూపీఐ ఖాతా ఇస్తే అక్కడే ఆగండి. ఇంతకుముందు బస చేసి వచ్చినవాళ్ల దగ్గర రసీదు ఉంటే, దాని మీది నంబరుకే ఫోన్ చేయండి. "అడ్వాన్సు తిరిగి పంపిస్తాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అది రెండో దెబ్బ. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్‌తో పనిలేదు.

అపోహ: రైలు దిగగానే రిక్షా అతను "మీ సత్రం నిండిపోయింది", "అటు దారి మూసేశారు" అంటే, ఊళ్లోవాడు కాబట్టి నిజమే చెబుతాడు.

వాస్తవం: సత్రం సంగతి నమ్మొద్దు, అతని ఎదుటే సత్రానికి ఫోన్ చేయండి. వేరే లాడ్జికి తీసుకెళ్తే అతనికి కమీషన్ వస్తుంది, అది మీ గది అద్దెలోనే కలుస్తుంది. దారి సంగతి మాత్రం చాలాసార్లు నిజమే. గోదౌలియా కూడలి నుంచి మైదాగిన్ వైపు గుడి దారిలో బళ్ల మీద ఆంక్షలుంటాయి. గోదౌలియాలో దిగి దశాశ్వమేధ ఘాట్‌కు పది నిమిషాలు నడవడమే మేలు. టికెట్ మీద స్టేషన్ పేరు కూడా చూసుకోండి. పాత మొగల్ సరాయ్, అంటే ఇప్పటి దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, గంగకు అవతల ఉంది. అక్కడి నుంచి ఆటో ఖర్చు సహజంగానే ఎక్కువ. దాన్ని మోసం అనుకుని గొడవపడొద్దు.

అపోహ: వీఐపీ దర్శనం చేయించే మనిషి లేకపోతే విశ్వనాథుణ్ని చూడలేం.

వాస్తవం: సుగమ దర్శనం (డబ్బు కట్టి త్వరగా చేసుకునే దర్శనం) టికెట్లు ఆలయ ట్రస్టే తన వెబ్‌సైట్‌లో, కౌంటర్లలో అమ్ముతుంది. దళారి అదే టికెట్‌ను ఎక్కువ ధరకు ఇస్తాడు, లేదంటే డబ్బు పుచ్చుకుని మామూలు క్యూలోనే వదిలేస్తాడు. మహాశివరాత్రి లాంటి రద్దీ రోజుల్లో సుగమ దర్శనం ఆపేస్తుంటారు. ఆ రోజున "నేను పంపిస్తా" అనేవాడికి రూపాయి కూడా ఇవ్వొద్దు. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి గేట్ల ముందు "లాకరు ఉచితం" అని దుకాణాలవాళ్లు పిలుస్తారు. తీరా ఫోన్ పెట్టాక పూజ బుట్ట కొనాల్సిందే అంటారు. ఫోన్లు బసలోనే వదిలి వెళ్తే ఈ బెడద ఉండదు.

అపోహ: నావకు మనిషికి ఇంత అని మాట్లాడుకుంటే చాలు.

వాస్తవం: నాలుగు సంగతులు ముందే తేలాలి: మొత్తం నావకా మనిషికా, ఎంతసేపు, ఏ ఘాట్ నుంచి ఏ ఘాట్ వరకు, తిరిగి ఎక్కిన చోటే దింపుతారా లేదా. "పూరీ నావ్ కా, ఆనా-జానా మిలాకర్, కిత్నా?" (మొత్తం నావకు, రానూపోనూ కలిపి, ఎంత?) అని అడగండి. ఒప్పుకున్న అంకెను ఫోన్‌లో టైప్ చేసి చూపించండి. అవతలి ఇసుకతిన్నెకు వెళ్లాలంటే అదీ ఇందులోనే చేర్పించండి. లైఫ్ జాకెట్ లేని నావ ఎక్కొద్దు. సాయంత్రం హారతి మెట్ల మీద కూర్చుని చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. నావలోనుంచి చూస్తే నావకు కట్టాలి.

అపోహ: పితృకార్యంలో డబ్బు లెక్క మాట్లాడితే పాపం.

వాస్తవం: కాశీలో తెలుగువాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. తల్లిదండ్రుల పేరు చెప్పి గోత్రం చదివిస్తున్నప్పుడు, సంకల్పంలోనే "ఇంత దక్షిణ ఇస్తాను" అని మీ నోటితో అనిపిస్తారు. నీళ్లు వదిలాక అది మాట ఇచ్చినట్టే అంటారు. నిష్ఠగా కర్మ చేయించే పురోహితులు ముందే లెక్క చెప్పడానికి వెనకాడరు. పిండద్రవ్యాలు, నావ, బ్రాహ్మణ భోజనం ఎంతమందికి, స్వయంపాకం, దక్షిణ, అన్నీ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. పంచతీర్థాలు, అంటే అసి, దశాశ్వమేధ, మణికర్ణిక, పంచగంగ, ఆదికేశవ ఘాట్లు, ఐదూ చేయిస్తున్నారా, కొన్నేనా అని అడగండి. సంకల్పంలో అంకె వినిపిస్తే ఆపి, "యథాశక్తి" అనే అంటానని చెప్పండి. దోషమేమీ లేదు.

మణికర్ణికలోనూ ఇదే పద్ధతి. ఎవరో వచ్చి చితి దగ్గరికి తీసుకెళ్లి, కర్మలు వివరించి, దిక్కులేనివాళ్ల కట్టెల కోసం కిలోల లెక్కన విరాళం అడుగుతాడు. మామూలుగా కట్టెలు కొనేది మృతుల బంధువులే. ఆ డబ్బు కట్టెలకే చేరుతుందని చూపే రసీదేదీ మీకు ఇవ్వరు. ఫొటోకు అనుమతి అమ్ముతానన్నా నమ్మొద్దు. అక్కడ ఫొటో తీయకపోవడమే మర్యాద.

అపోహ: సిల్క్ మార్క్ ఉంటే అది చేనేత బనారసీ చీరే.

వాస్తవం: సిల్క్ మార్క్ చెప్పేది దారం అసలు పట్టు అని మాత్రమే. మరమగ్గం మీద నేసినా ఆ గుర్తు ఉండొచ్చు. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ వేరు. బనారసీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులోకి వచ్చేది ఆ ప్రాంతంలో నేసినదే. చీర అంచున రెండు దారాలు లాగి కాల్చమనండి, పడుగులోది (నిలువు దారం) ఒకటి, పేకలోది (అడ్డ దారం) ఒకటి. ఈ రెండింటిలో ఒకదానికే పట్టు వేసి అమ్మడం మామూలు. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి గుండులా మిగులుతుంది. రేయాన్ లాంటి ఆర్ట్ సిల్క్‌కు (కృత్రిమ పట్టుకు) కాగితం కాలిన వాసన. బిల్లు మీద "చేనేత, స్వచ్ఛమైన పట్టు" అని రాయించుకోండి. రాయనంటే లేచి రండి. రిక్షా అతను తీసుకెళ్లే "నేతగాళ్ల ఇల్లు" చాలాసార్లు కమీషన్ షోరూమే.

అపోహ: నీళ్లలో మునిగిన రుద్రాక్షే అసలుది.

వాస్తవం: మునగడం గింజ బరువు మీద, ఎండిన తీరు మీద ఆధారపడుతుంది. రెండు నాణేల మధ్య తిరగడం కూడా పరీక్ష కాదు. పంచముఖి దండిగా దొరుకుతుంది, చవక. కల్తీ జరిగేది ఏకముఖి లాంటి అరుదైనవాటిలో, ముఖాలు చెక్కి, ముక్కలు అతికించి. ఎక్స్‌రేలో లోపలి గింజల గదులు లెక్కపెడితే అసలు సంగతి తెలుస్తుంది. ఆ రిపోర్టు లేకుండా వేలు పోసి కొనొద్దు.

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మోసగాడు ఖాతాలోంచి డబ్బు తీసేలోపు ఫిర్యాదు అందితేనే బ్యాంకు దాన్ని ఆపగలదు. లావాదేవీ నంబరు, ఆ మెసేజీల స్క్రీన్‌షాట్లు దగ్గర ఉంచుకోండి.