ముట్టుకోవచ్చా, కూడదా? ఇంటరాక్టివ్ ఎగ్జిబిషన్ల మీద అపోహలు - వాస్తవాలు

వచ్చినవాళ్ళు చూసి ఊరుకోకుండా తామూ పాలుపంచుకునే ఇంటరాక్టివ్ ఎగ్జిబిషన్లలో ఆర్ట్ మీడియేటర్‌గా పనిచేస్తాను. పేరు గొప్పగానే ఉంది గానీ గది గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళతో మాట్లాడటమే పని. రోజూ నన్ను ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు: టాయిలెట్ ఎటు, దీన్ని ముట్టుకోవచ్చా. మొదటిదానికి వేలు చూపిస్తే సరిపోతుంది. రెండోదానికి ఇంత రాయాల్సి వస్తోంది.

అపోహ: ఇంటరాక్టివ్ అన్నారంటే అన్నిటి మీదా చెయ్యి వెయ్యొచ్చు.

పక్కపక్క గదుల్లోనే ఒకటి రమ్మంటుంది, ఇంకోటి దూరంగా ఉండమంటుంది. వచ్చినవాళ్ళు ఏం చెయ్యొచ్చో, ఎంతవరకు చెయ్యొచ్చో కళాకారులు ముందే తేల్చిపెట్టుకుంటారు. 2002లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మొదలైన, జపాన్ కళాకారిణి యాయోయి కుసామా 'ఆబ్లిటరేషన్ రూమ్' సంగతే చూడండి. గోడలు, కుర్చీలు, కప్పులు, సమస్తం తెల్లగా ఉంటాయి. చేతికిచ్చిన రంగు చుక్కల స్టిక్కర్లు ఎక్కడ అంటించినా ఎవరూ ఏమనరు. జేబులోంచి పెన్ను తీసి పేరు రాస్తే మాత్రం ఊరుకోరు.

2021లో సియోల్‌లో ఒక జంట జోన్‌వన్ అనే చిత్రకారుడి పెద్ద గ్రాఫిటీ కాన్వాసు ముందు రంగు డబ్బాలు, బ్రష్షులు చూశారు. మనకోసమే పెట్టారనుకుని తలా కాస్త పూసేశారు. తీరా అవి ప్రదర్శనలో భాగంగా అక్కడ ఉంచినవి. బొమ్మ ఖరీదు కోట్లలో. అయినా నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. అందేంత దూరంలో బ్రష్ పెట్టి గియ్యొద్దంటే ఎవరికైనా తికమకే. అనుమానం వస్తే గుమ్మంలో ఉన్నవాళ్ళను అడగండి, మాకు జీతం ఇచ్చేదే అందుకు.

అపోహ: మేం వెళ్తే పనిచెయ్యలేదు, పాడైపోయినట్టుంది.

చాలాసార్లు పాడవదు, మనం తొందరపడతాం. 2012లో లండన్‌లోని బార్బికన్ అనే కళాకేంద్రంలో పెట్టిన 'రెయిన్ రూమ్'లో వాన కురుస్తూనే ఉంటుంది, మనిషి ఉన్న చోట మాత్రం ఆగుతుంది. కెమెరాలు మనిషిని పసిగట్టి నెత్తిమీది ధారలను కట్టేస్తాయి. నెమ్మదిగా నడిస్తే పొడిగా బయటికొస్తాం, పరిగెత్తితే తడుస్తాం. నల్లబట్టలను ఇలాంటి కెమెరాలు ఒక్కోసారి సరిగా పట్టుకోలేవు. వెళ్ళేరోజు లేతరంగు వేసుకోండి.

ఒకసారి మా దగ్గర, మనిషి చెయ్యి ఊపితే గోడమీద పిట్టలు లేచే గది ఉండేది. పెళ్ళికి తరలినట్టు నలభైమంది కాలేజీ పిల్లలు ఒక్కసారే దిగారు. ఏ చెయ్యి ఎవరిదో కెమెరాకు తెలియక పిట్టలన్నీ ఒక మూలకు పోయి ముద్దయ్యాయి. "ఇంతేనా!" అని వెళ్ళిపోయారు. ఐదుగురు చొప్పున పంపాల్సింది నేనే, తప్పు నాదే.

అపోహ: అంతా సెట్టింగే కదా, దెబ్బలేం తగులుతాయి?

2018లో పోర్చుగల్‌లోని పోర్టోలో ఒకాయన, నేలమీద నల్లరంగు పూశారనుకున్నది నిజం గొయ్యి అయ్యేసరికి రెండున్నర మీటర్ల లోతుకు పడ్డాడు. అది శిల్పి అనీష్ కపూర్ చేసిన ఇన్‌స్టలేషన్, అంటే ఆ చోటునే కళగా మలిచిన పని. లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో 2010లో చైనా కళాకారుడు ఐ వేవే పరిచిన 10 కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజల మీద మొదట జనాన్ని నడవనిచ్చారు. ఆ తొక్కుడుకు లేచిన ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదని కొన్నాళ్ళకే ఆపేశారు. తాడు కట్టిన చోట తాడు ఇవతలే నిలబడండి.

అపోహ: పిల్లల ఆటలు.

పిల్లలు చక్కగా ఆడుకుంటారు. కదలకుండా నిలబడేది పెద్దవాళ్ళే.

అపోహ: సెన్సర్లు, ప్రొజెక్టర్లు ఉంటేనే ఇంటరాక్టివ్.

దీన్ని విన్నప్పుడల్లా నాకు చాక్లెట్ల కుప్ప గుర్తొస్తుంది. ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో చేసిన వర్క్ అది. గది మూలన రంగురంగు కాగితాల్లో చుట్టిన చాక్లెట్లు, బరువు 175 పౌండ్లు, అంటే సుమారు 79 కిలోలు. వచ్చినవాళ్ళు తలా ఒకటి తీసుకోవచ్చు, అక్కడే నోట్లో వేసుకోవచ్చు. ఆ ఏడాదే ఎయిడ్స్‌తో చనిపోయిన తన సహచరుడు రాస్‌కు ఆయన కట్టిన చిత్రపటం ఆ కుప్ప. ఆరోగ్యంగా ఉన్న మనిషి బరువుతో మొదలవుతుంది, ఒక్కొక్కరు పట్టుకుపోతుంటే చిక్కిపోతుంది. మ్యూజియంవాళ్ళు మళ్ళీ నింపుతారు. కాగితం విప్పి చప్పరించేటప్పుడు ఇదేమీ తెలియదు. పక్కనున్న పలక చదివేసరికి చాక్లెట్ సగం కరిగి ఉంటుంది, ఉమ్మెయ్యలేం, మింగలేం. దీంట్లో కరెంటు తీగ ఒక్కటీ లేదు.

అపోహ: అర్థం ముందే తెలియకపోతే వెళ్ళి దండగ.

2016 డిసెంబరులో కేరళలో మొదలైన కొచ్చి-ముజిరిస్ బియెనాలే అనే పెద్ద కళా ప్రదర్శనకు నేను పనికి కాదు, చూడ్డానికే వెళ్ళాను. ఫోర్ట్ కొచ్చిలో సముద్రం ఒడ్డున ఉన్న ఆస్పిన్‌వాల్ హౌస్‌లో, పాత గోదాము నేలంతా నీళ్ళు నింపి ఉంచారు. చిలీ కవి రౌల్ జురితా 'సీ ఆఫ్ పెయిన్' అది. చెప్పులు విడిచి, పంట్లాం మడుచుకుని ఆ నీళ్ళలో నడవాలి. ఎదుటి గోడమీద కవిత ఉంటుంది, నడిస్తే తప్ప సరిగా చదవలేం. 2015లో యుద్ధం తప్పించుకుని పడవలో వస్తూ మునిగిపోయి, టర్కీ తీరాన ఇసుకలో బోర్లాపడి ఉన్న సిరియా పసివాడు అలన్ కుర్దీ ఫొటో ప్రపంచమంతా చూసింది. అదే పడవలో మునిగిపోయిన అతని అన్న గాలిబ్ ఆ ఫొటోలో లేడు. కవిత గాలిబ్ కోసం.

అప్పుడు మకరజ్యోతి రోజులు. శబరిమల దారిలో ఆగిన మనవైపు స్వాములు నలుగురు గుమ్మం దగ్గర కనబడ్డారు. జనం బూట్లు ఎక్కడ పెట్టాలా అని తంటాలు పడుతుంటే వీళ్ళకు ఆ బాధే లేదు. నేను తెలుగు మాట్లాడటం విని పెద్దాయన ఒకరు అడిగాడు: "దీని అర్థమేంటి స్వామీ?"

"ముందు ఆ చివరిదాకా నడిచి రండి స్వామీ, వచ్చాక మాట్లాడుకుందాం" అన్నాను.

నల్లపంచె ఎత్తిపట్టుకుని మెల్లగా వెళ్ళాడు. వెంట ఉన్న కుర్రాడు అక్కడి ఇంగ్లిషు చదివి చెబుతున్నట్టున్నాడు, చాలాసేపు కదల్లేదు. తిరిగొచ్చి పంచె అంచు పిండుకుంటూ, "ఆ పిల్లాడి పేరు ఏమన్నాడు మావాడు? సరిగా వినబడలేదు" అన్నాడు.

"గాలిబ్" అన్నాను.